పడవా? పడక మోటారా?

"పడవే కొందామండీ" అంది అమ్మణ్ణి.

కంచం ముందు కూర్చున్న సోమేశ్వరరావు చెయ్యి కలిపిన అన్నంలోనే ఆగిపోయింది. బరంపురం బజారులో పసుపూ మిరపకాయల టోకు వ్యాపారం అతనిది. ఏడాది పొడుగునా కొట్టుకి అంటిపెట్టుకునే మనిషి, ఈసారి సెలవురోజుల్లో పెళ్లాన్నీ ఇద్దరాడపిల్లల్నీ సరదాగా తిప్పాలని తనే అనుకున్నాడు. అమ్మకానికి రెండున్నాయని తెలిసింది. ఒకటి, రంభ రేవులో ఉన్న గూడు పడవ. చిలికా సరస్సు మీద హాయిగా తిరగొచ్చు. రెండోది, సీమకి వెళ్లిపోతున్న ఒక దొర వదిలించుకుంటున్న మోటారు. వెనకాల చెక్కగది, అందులో పడకలు, పొయ్యి పెట్టుకునే చోటు. ఎక్కడ ఆపితే అక్కడే ఇల్లు.

"మోటారైతే అస్కా వెళ్లొచ్చు, కొండల్లోకి వెళ్లొచ్చు. పడవకి ఆ సరస్సు తప్ప ఏముంది?" అన్నాడు.

"సరస్సుంటే సాలదేటండీ? సుట్టూ నీళ్లు. మజ్జిన మనం నలుగురమే. మరెవరూ రారు."

"రంభంటే మీ కూర్మారావు బావ ఊరు కదూ?"

అమ్మణ్ణి తలొంచుకుంది. "అవును. అయితే ఏటి?" అంటూ మజ్జిగ గిన్నె తేవడానికి లోపలికి వెళ్లిపోయింది.

సోమేశ్వరరావు కంచం పక్కకి నెట్టేశాడు. ఎవరూ రారట! ఆ రేవు పక్కనే ఆ పెద్దమనిషి కిరాణా కొట్టు.

కూర్మారావు అమ్మణ్ణికి మేనబావ. ఆ మేనరికం ఎందుకు తప్పిపోయిందో సోమేశ్వరరావు ఎన్నడూ అడగలేదు. అడిగితే తన కడుపులో ఉన్నది బయటపడుతుందని భయం. అది కనపడకూడదనే, కూర్మారావు వచ్చినప్పుడల్లా మరీ ఎక్కువ మర్యాద చేసేవాడు. "మీ బావకి ఇంకో రెండు గారెలు వెయ్యి" అని తనే గట్టిగా కేకేసేవాడు. కేకేసి, ఆమె వడ్డించే చేతినీ, అతని కళ్లనీ ఓరగా చూస్తూ ఉడికిపోయేవాడు.

మొన్న గోపాలపురం సముద్రానికి వెళ్లినప్పుడూ అంతే. ఎక్కణ్ణించి ఊడిపడ్డాడో, కూర్మారావు వచ్చి ఇసకలో చతికిలబడ్డాడు. తను పిల్లల్ని తీసుకుని కెరటాల్లోకి దిగితే అతను మాత్రం అమ్మణ్ణి పక్కనే కూర్చుండిపోయి చిన్ననాటి కబుర్లు ఎత్తుకున్నాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వు సముద్రపు హోరులో కూడా సోమేశ్వరరావు చెవిన పడింది.

"ఇంక పడవ కూడా కొనిచ్చి, ఆ మనిషి గుమ్మంలోనే కట్టమంటావా?" అని పళ్లు కొరుక్కున్నాడు.

మర్నాడే వెళ్లి దొర దగ్గర మోటారు కొనేశాడు.

అది వచ్చి వీధిలో ఆగేసరికి ఇరుగుపొరుగంతా చేరారు. పిల్లలు లోపలికి దూరి పడకల మీద దొర్లారు. ఎదురింటి ఆదిలక్ష్మి అయితే ముక్కున వేలేసుకుని, "మా ఆయనా ఉన్నారు ఎందుకూ! నీదీ అదృష్టమంటే!" అని అమ్మణ్ణి బుగ్గ పొడిచింది.

అమ్మణ్ణి మొహం మాత్రం వాడిపోయింది. "మోటారే కొన్నారా?" అని ఊరుకుంది.

చూశావా, దొరికిపోయింది అనుకున్నాడు సోమేశ్వరరావు. గెలిచానన్న సంతోషం ఒకవైపు, గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టు నొప్పి ఒకవైపు. ఆ రాత్రి ఆమెతో మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆదివారం ఉదయం అస్కా దారిలోని మామిడితోటకి ప్రయాణం. కావాలనే రంభ వైపు కాని దారి ఎంచుకున్నాడు. పులిహోర డబ్బా, నీళ్ల కూజా ఎక్కించాడు. పిల్లలు ఎక్కారు. అమ్మణ్ణి ఎక్కబోతోంది.

అంతలో స్టేషను వైపు నుంచి చంకలో పరుపుచుట్టతో, మొహం నిండా నవ్వుతో కూర్మారావు పరుగెత్తుకొచ్చాడు.

"ఆగండన్నయ్యా, ఆగండి! మోటారు కొన్నారని తెలిసి పరిగెత్తుకొచ్చేను. ఎంత మంచి పని సేసేరు!" అంటూ సోమేశ్వరరావు చేతులు పట్టుకుని ఊపేశాడు. "మీరు మా రేవులో పడవ కొంటారని విన్న కాణ్ణించి నాకు కంటిమీద కునుకు లేదనుకోండి. సిన్నప్పుడు ఓసారి సరస్సులో ములిగిపోయేను. ఆ ఒడ్డునే కాపరం ఉంటన్నా ఈనాటిదాకా పడవలో కాలెట్టలేదు. పడవ కొనుంటే ఇంక మీతో షికార్లు నాకు సెల్లేవే! మోటారంటే భయమేటి? ఇంకనించీ మీరెక్కడికెల్తే నేనూ అక్కడికే!"

అని ఎవరి పిలుపూ అక్కరలేకుండా ఎక్కి, కిటికీ పక్కనున్న మంచి పడక మీద పరుపు పరిచేశాడు.

సోమేశ్వరరావు భార్య దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, "ఈయనకి నీళ్లంటే భయమని నీకు ముందే తెలుసా?" అన్నాడు.

"సిన్నప్పట్నించీ తెలుసు."

"మరి చెప్పవేం?"

"ఏటని సెప్పనండీ? ఆయనొస్తే సాలు, మీరే వడ్డించు వడ్డించు అంటారు. మీకంత ఇష్టమైన మనిషిని రావద్దనమని నా నోటితో ఎలా అడగను?" అమ్మణ్ణి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "అందుకే కదా, ఆయన ఎక్కలేని పడవ కొనమన్నాను."