ఒళ్లు చేసిన పిట్ట

"ముందు ఆ పిట్ట సంగతి చూడండి" అన్నాడు కుర్చీలో కూర్చున్న కొత్త మనిషి.

అప్పటికి ఒక చెంప గీయడం అయింది. రెండో చెంప మీద ఇంకా నురగ ఉంది.

సెలూన్ ఆయన కత్తి తుడుస్తూ నవ్వాడు.

"మా బుడ్డోడికేమండీ? ఈ మధ్య బాగా ఒళ్లు చేశాడు."

అద్దం పక్కన పంజరంలో నీలం రంగు బడ్జీ చిలుక ఈకలు పొంగించుకుని బంతిలా కూర్చుంది.

"అది ఒళ్లు కాదండీ. అలా ఈకలు పొంగించుకుని కదలకుండా ఉందంటే ఒంట్లో బాగాలేనట్టు."

"నిద్రపోతున్నాడు లెండి."

"హాయిగా పడుకునే పిట్ట ఒక కాలు ముడుచుకుంటుంది. ఇది రెండు కాళ్లతోనూ కర్రను పట్టుకుంది. తోక చూడండి, ఊపిరి తీసినప్పుడల్లా ఊగుతోంది."

సెలూన్ ఆయనకు చిర్రెత్తుకొచ్చింది.

"తాతకు దగ్గులు నేర్పకండి సార్. గుడ్డులోంచి బయటపడ్డప్పటినుంచీ నా చేతుల్లోనే పెరిగాడు."

వచ్చినవాళ్లందరికీ అదే చెప్పేవాడు. నిజానికి అది ఆరు నెలల కిందట ఓ వానరోజు కిటికీలోంచి వచ్చి వాలింది. దానంతటదే వచ్చిందని చెప్పుకుంటే గొప్పేముంది మరి!

కొత్త మనిషి అద్దంలోంచి ఆయన్ని కాసేపు చూశాడు.

ఇంతలో సెలూన్ ఆయన ఎనిమిదేళ్ల కూతురు వచ్చి పంజరంలో వేలు పెట్టింది. కదిలే ఓపిక లేని పిట్ట ఆ వేలి దగ్గరికి మెల్లగా జరిగి తల ఆనించింది.

"నాన్నా, వీడు పొద్దున్నుంచీ గింజ ముట్టలేదు" అంది పిల్ల బిక్కమొహం వేసుకుని.

కొత్త మనిషి గబుక్కున లేచాడు.

"నువ్వంటే దీనికి ప్రాణం తల్లీ. పిట్టలు జబ్బును చివరిదాకా దాచుకుంటాయి. బయటపడిందంటే ఇక ఆగకూడదు. బస్టాండు వెనక పిట్టల డాక్టరున్నాడు. పంజరం మీద గుడ్డ కప్పి ఇప్పుడే తీసుకెళ్లండి."

"మరి మీ రెండో చెంప?"

"గడ్డం ఎక్కడికీ పోదులెండి!"

నురగ తుడుచుకుని, కుర్చీ పక్కన పెట్టుకున్న ప్రయాణం పెట్టె పట్టుకుని వెళ్లిపోయాడు.

పిల్ల ఏడుపు చూడలేక సెలూన్ ఆయన షాపు మూసి పరిగెత్తాడు.

"ఇంకో పూట ఆగితే దక్కేది కాదు" అని డాక్టరు పిట్టను తన దగ్గరే ఉంచుకున్నాడు.

మూడో రోజుకి బుడ్డోడు తేరుకుని గింజలు కొరికాడు. పిల్ల ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

పిట్టను తీసుకెళ్లడానికి వెళ్లేసరికి డాక్టరు గోడ మీది కాగితం ఒకటి ఊడదీస్తున్నాడు.

"ఏంటండీ అది?" అన్నాడు సెలూన్ ఆయన.

"పిట్ట ఎగిరిపోయిందని ఒకాయన అంటించాడు. ఆరు నెలలుగా ప్రతి ఆదివారం వచ్చి అడిగేవాడు పాపం. మొన్న ఊరు ఖాళీ చేసి వెళ్తూ స్టేషన్ నుంచి ఫోన్ చేశాడు. అది మంచి చోటే ఉంది, కాగితం తీసేయండి అన్నాడు."

సెలూన్ ఆయన కాగితం అందుకుని చూశాడు.

అందులోని ఫోటోలో నీలం పిట్టను భుజాన కూర్చోబెట్టుకుని నవ్వుతున్నది, ఒక చెంప గీయించుకోకుండానే లేచి వెళ్లిపోయిన ఆ కొత్త మనిషి.