చీలమండ లోతు వరద

“అబ్బే, మా ఇంట్లోకి నీళ్ళెక్కడొచ్చినయ్ బాబూ? ఇదుగో, ఇక్కడిదాకా. అదీ వాకిట్లోనే,” అంటూ సీతారావమ్మ కుచ్చెళ్ళు కాస్త ఎత్తి చీలమండ చూపించింది.

పక్కింటి గేటు పట్టుకుని వింటున్న ఛాయాదేవికి ఒళ్ళు మండింది. పోయిన సెప్టెంబరు వరదలో, బియ్యమూ కిరసనాయిలూ పంచడానికొచ్చిన వాళ్ళకి ఇదే సీతారావమ్మ, ఇదే వాకిట్లో నిలబడి, నీళ్ళు ఎందాకా వచ్చాయో చెవి పట్టుకుని మరీ చూపించింది. ఆర్నెల్లు తిరిగేసరికి చెవి దగ్గరి నీళ్ళు చీలమండకి దిగాయి. వరద పోయాక కూడా తగ్గుతూనే ఉందన్న మాట.

కొలబద్ద పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్న కుర్ర ఇంజనీరు నాగబాబు నుదురు తుడుచుకున్నాడు. “నిజం చెప్పండమ్మా. ఇక మీదట వానలు ఒక పద్ధతిగా పడవంటున్నారు. నెల వాన ఒక్క పూటలో కురిసిపోతుందట. ఎవరింట్లోకి ఎన్ని నీళ్ళొస్తాయో తెలిస్తేనే కదండీ ఊరికి వరద కాలవల ప్లాను వేసేది?”

“నిజమే చెప్పాగా బాబూ. మజ్జిగ తాగుతావా?” అంది సీతారావమ్మ.

అతను చెప్పేది ఒకటి, అరుణోదయ కాలనీ అప్పటికే విన్నది మరొకటి. పోయిన నెల సర్వే మాట పుట్టగానే, మ్యాపులో నీళ్ళ రంగు పడిన ఇంటికి పై అంతస్తు పర్మిషన్ ఇవ్వరనీ, అమ్మబోతే కొనేవాడు రాడనీ పుకారు గుప్పుమంది. అంతే, వారం తిరక్కుండా వీధి వీధంతా గోడలకి సున్నం కొట్టించేసింది. కూతురి పెళ్ళికి కూడా వెల్ల వేయించని నతానియేలు మాస్టారు లేత పసుపు రంగు రెండు కోట్లు వేయించారు. వరద గీత ఇంకా మిగిలింది ఛాయాదేవి ఇంటి గోడకొక్కదానికే, కిటికీ నడుమ నుంచి టీ మరకలాగా.

“మాస్టారూ, మీరన్నా చెప్పండి. మీ బీరువా తేలింది కదండీ,” అంది ఛాయాదేవి పిట్టగోడ మీదుగా.

“తేలలేదమ్మా. కాస్త జరిగింది,” అన్నారాయన. “పైన రెండు గదులేసి మా స్టెల్లాని, అల్లుణ్ణీ తెచ్చి పెట్టుకుందామని మా ఆశ. నువ్వూ ఆ గీత కాస్త తుడిపించెయ్యరాదూ?”

“తుడిస్తే నీళ్ళు రావడం మానేస్తాయాండీ?”

“వచ్చినప్పుడు చూద్దాంలే.”

వచ్చినప్పుడు ఏం చూస్తారో ఛాయాదేవికి బాగా తెలుసు. పోయిన వరదకి అత్తగారిని అటకెక్కించారు. ఆవిడ రెండు రాత్రులు ఆవకాయ జాడీల పక్కన ఒత్తిగిలి పడుకుంది. మళ్ళీ ఎక్కడానికి ఆవిడకి మోకాళ్ళు లేవు, ఎక్కించడానికి ఛాయాదేవి మొగుడు జానకిరామ్‌కి నడుము లేదు.

ఆ జానకిరామ్ పేపరు మీంచి తలెత్తకుండానే అన్నాడు. “పదిమందితో పాటు మనమూ చీలమండ అనేస్తే పోలా? నీకెందుకే ఈ గోల?”

“మైలవరం కొండల్లో నాలుగు చినుకులు పడితే ఇక్కడ మన మంచం తేలుద్ది. రేపు బుడమేరు పొంగితే ఎవరి చీలమండ అడ్డం పెడదామంటారు?”

జానకిరామ్ పేపరు తిరగేశాడు.

నాగబాబు గేటు తీసేసరికి ఛాయాదేవి ఎదురెళ్ళి, అతని చేతిలోని కొలబద్ద తనే తీసుకుని గోడకి ఆనించింది. “ఇదుగో, నా భుజం దాకా. చీలమండా కాదు, పిక్కా కాదు. నా మాట మీద నమ్మకం లేకపోతే లోపల మా అత్తగారున్నారు, అడగండి. పైనుంచి చూశారు.”

“చూశాను నాయనా,” అంది లోపలి నుంచి అత్తగారు. “చూడ్డం తప్ప నాకేం పనుంది అటక మీద?”

పొద్దుటి నుంచీ వీధంతా చీలమండలే చూసిన నాగబాబు, ఆ గీతకేసి కళ్ళప్పగించి చూసి, పొంగిపోయి రాసుకున్నాడు.

ఆ సాయంత్రం నుంచి వీధిలో ఛాయాదేవితో మాటల్లేవు. సీతారావమ్మ తన కరివేపాకు చెట్టు మీద ఆవిణ్ణి చెయ్యి వెయ్యనివ్వలేదు. “ఒక్కదాని నోటి మూలాన కాలనీకంతా మచ్చ,” అని పాలవాడితో చెప్పించింది. నతానియేలు మాస్టారు దారిలో కనిపిస్తే తలొంచుకుని వెళ్ళిపోయారు. ఇంట్లో జానకిరామ్, “నేను ముందే అన్నా,” అన్న మాటని రోజూ భోజనంలో నంజుకున్నాడు. కరివేపాకు లేని చారు పోసుకుంటూ ఛాయాదేవి వాన రాకముందే కాలవ తవ్వితే చాలు, వీళ్ళ నోళ్ళు అవే మూతపడతాయని పళ్ళు బిగబట్టుకుంది.

ఎండలు ముదిరాక నాగబాబు మళ్ళీ వచ్చాడు, చంకలో చుట్టిన మ్యాపుతో. ఏ ఇంటికి ఏ రంగు పడిందోనని వీధంతా ఛాయాదేవి గేటు ముందు పోగైంది.

“ప్లాను శాంక్షన్ అయిందండీ,” అన్నాడు నాగబాబు. “ప్రతి వీధికీ కాలవ వస్తుంది. అన్నీ తీసుకెళ్ళి ఒక పెద్ద చెరువులో కలుపుతాం. ఎంత వాన పడ్డా ఇక ఈ వీధిలో గుమ్మాలు తడవవు.”

“మా పర్మిషన్లకేం అడ్డం రాదుగా బాబూ?” అంది సీతారావమ్మ.

“మీకేం అడ్డమండీ, అంతా మెరకేనని మీరే చెప్పారుగా.”

నతానియేలు మాస్టారు గట్టిగా ఊపిరి వదిలారు. ఛాయాదేవి అందరి మొహాలూ వరసగా చూసింది. “వింటున్నారా? ఒక్కళ్ళు నిజం చెప్పబట్టి కదూ పని జరిగింది,” అంది. జానకిరామ్ కూడా మొదటిసారి పెళ్ళాం వంక గౌరవంగా చూశాడు. ఆ చూపు అరాయించుకున్నాక ఆవిడ తీరిగ్గా నాగబాబు వైపు తిరిగింది.

“ఇంతకీ ఆ కాలవ మా ఇంటి ముందు నుంచే పోతుందా బాబూ?”

నాగబాబు మ్యాపు విప్పాడు. కాలనీ అంతా ఆకుపచ్చగా ఉంది. మధ్యలో ఒకే ఒక్క నీలం చదరం.

“ముందు నుంచి పోదండీ,” అన్నాడతను గొంతు తగ్గించి. “కాలనీ మొత్తానికి పల్లం మీ స్థలం ఒక్కటేనని తేలింది కదా, చెరువు తవ్వేది ఇక్కడే.”