జవాబివ్వని మాస్టారు

"మూడు నెలలైంది చెల్లెమ్మా. ఇంక మాస్టారి పేరు తీసేద్దాం" అన్నాడు ఫోన్లో అన్న. వాళ్ల ప్రోగ్రాం సర్వర్ చూసుకునేది అతనే.

గుడ్డ మీద నడుస్తున్న ఆమె కత్తెర ఆగిపోయింది.

"తీసేయడమేంటన్నా?"

"ప్రోగ్రాం నడిపే పెద్దల జాబితాలోంచి. ఉలకని పలకని మనిషిని ఎన్నాళ్లని మోస్తాం? అందరూ సరేనన్నారు. నువ్వొక్కదానివే మిగిలావు."

దర్జీ పనివాళ్లంతా కలిసి నడుపుకునే ప్రోగ్రాం అది. కొలతలిస్తే కటింగ్ బొమ్మ గీసిస్తుంది, దాన్ని కాగితం మీద ప్రింటు తీసుకోవాలి. ఎవరి సొత్తూ కాదు. తెలిసినవాళ్లు బాగుచేస్తారు, తెలియనివాళ్లు అడుగుతారు. ఎవరేం అడిగినా ముందుగా జవాబు రాసేది మాస్టారే. ఆయన మొహం ఎవరూ చూసెరగరు. ఉన్నదంతా ఉత్తరాల పరిచయమే. ఆమెకి చంక గీత తిన్నగా గీయడం వచ్చిందంటే ఆ ఉత్తరాల చలవే.

"అలిగాడమ్మా, అంతకన్నా ఏం లేదు" అన్నాడు అన్న. "మెయిలింగ్ లిస్టు చాలు, ఫోరం వద్దని వారం రోజులు పోట్లాడాడు కదా. ఉత్తరమైతే ఇంటికొస్తుంది, ఫోరంకి మనమే వెతుక్కుంటూ పోవాలి అని. మాట నెగ్గకపోయేసరికి మూతి ముడుచుకుని కూర్చున్నాడు."

నెగ్గనివ్వనిది ఆమే. 'ఒళ్లో పాప, చేతిలో ఫోను. రోజుకి వంద మెయిళ్లు. నా ప్రశ్న ఎక్కడుందో, దాని జవాబు ఎక్కడుందో వెతుక్కోలేక చస్తున్నాను' అని అందరికీ రాసింది. అలవాటైపోతుందిలే తల్లీ అన్నాడు మాస్టారు. దానికి ఆమె, 'మీకేం మాస్టారూ, తీరిగ్గా కూర్చుని చదువుకుంటారు' అనేసింది. అన్నాక నాలిక కరుచుకుని, ఫోరంలో ఎవరేం రాసినా మీ ఇంటికి మెయిల్ వస్తుంది, దానికే జవాబు రాసేయండని కూడా చెప్పింది. ఓట్లు పెట్టారు. ఒక్క ఓటుతో ఫోరం గెలిచింది. ఆ ఒక్క ఓటూ తనదేనని అప్పట్లో ఎంత మురిసిపోయిందో!

ఆ మురిపెం రెండు వారాల కిందట వదిలిపోయింది. నర్సుల చొక్కాలు ముప్పై కుట్టే పని వచ్చింది. కటింగ్ కాగితం ఎందుకో చిన్నదిగా అనిపించి ఫోరంలో అడిగింది. రెండు రోజులు చూసింది. ఎవరూ పలకలేదు. గడువు దగ్గరపడి కత్తిరించేసింది. ముప్పై చొక్కాలూ చంకల్లో పట్టేశాయి. ఆ పని మళ్లీ ఆమె గుమ్మం తొక్కదు. ఆ గుడ్డలోంచే ఇప్పుడు పాపకి గౌన్లు తీస్తోంది.

మంచం మీద పాప మరీ కదలకుండా పడుకుంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుని, గొంతు తగ్గించింది.

"పెద్దాయన కదన్నా. ఒంట్లో ఎలా ఉందో ఏమో. ఒక్కసారి కనుక్కోవద్దా?" ఆ మాట తనే రాసి అడగొచ్చు. మొహం చెల్లక రాయలేదు.

"కనుక్కున్నాను. 'రోజూ రాస్తూనే ఉన్నానుగా బాబూ' అని ఒక్క ముక్క పంపాడు. వెటకారం!"

"ఆయనకి వెటకారం రాదన్నా."

"మరి రాసిందంతా ఏదీ? ఆకాశంలోకి రాస్తున్నాడా?"

ఆమె కత్తెర కింద పెట్టేసింది.

"అన్నా, ఫోరం నుంచి మనకొచ్చే మెయిల్ ఉంటుంది చూడు. దానికే జవాబు కొడితే ఎక్కడికి పోతుంది?"

"ఎక్కడికీ పోదు. 'దీనికి జవాబు రాయకండి' అని అడుగున చిన్నక్షరాల్లో ఉంటుందిగా. అయినా రాస్తే ఓ మూల పెట్టెలో పడుతుంది. దాన్నెవడు చూస్తాడు? అప్పట్లో ఓట్లు పడింది కూడా అందులోనే. లెక్క మిషనే తేల్చింది, విప్పి చూసే పనే పడలేదు."

"ఇప్పుడు విప్పు."

"ఇప్పుడా? అన్నం ముందు కూర్చున్నానమ్మా."

"విప్పన్నా, నీకు దణ్ణం పెడతాను."

కంచం జరిపిన చప్పుడు. టకటకా మీటలు నొక్కిన చప్పుడు.

"అన్నా?"

"ఓట్లు కాక నూట పన్నెండు ఉన్నాయి చెల్లెమ్మా. అన్నీ మాస్టారివే."

"నాది... నాకు రాసింది ఉందా?"

"ఉంది. నువ్వడిగిన గంటకే రాశాడు." అన్న చదివాడు. "'ఆగు తల్లీ, కత్తెర పెట్టకు. తప్పు నీ కొలతల్లో లేదు. ప్రింటరు బొమ్మని కాగితానికి సరిపెట్టాలని కుదించేస్తోంది. పక్కన అంగుళం గీత ఉంటుంది, ముందు దాన్ని టేపుతో కొలిచి చూడు.'"

ఆమె చేతిలో గౌను ముక్క నలిగిపోయింది.

"చివరిది ఇవాళ పొద్దున్నే రాసింది" అన్నాడు అన్న. "'అందిందని కూడా ఎవరూ అనడం లేదు. పరవాలేదు, ఎవరి పనుల్లో వాళ్లుంటారు. పనికొస్తోందనే అనుకుంటున్నాను.'"

"ఆ మెయిల్‌కే జవాబు రాయమని చెప్పింది నేనే అన్నా. తెలిసీ తెలియక చెప్పాను. మొండాయనని ఎంతమంది తిట్టుకున్నారో! అసలు ఆ రోజు నేను ఓటు వెయ్యకుండా ఉంటే పోయేది. వద్దు వద్దన్న మనిషి నోరు నొక్కేశాను."

అవతల మీటలు మళ్లీ టకటకమన్నాయి.

"అన్నిటికన్నా అడుగున ఆయనదే ఇంకోటుంది. జవాబు కాదు, ఓటు."

"అందులో కొత్తగా ఏముంటుందన్నా, ఫోరం వద్దనేగా."

"'నా ఓటు ఫోరంకే. ఒళ్లో బిడ్డతో పాపం ఆ అమ్మాయి ఇన్ని ఉత్తరాల్లో వెతుక్కోలేకపోతోంది.'"