టైముకొచ్చిన రైలు

డ్రైవరు లేకుండా తానే నడిచే లోకల్ రైలు, ఆలస్యమైన రోజున ఎవరికేం నష్టం జరిగిందో అడిగి మరీ పరిహారమిచ్చే కాలం వచ్చింది.

ఆ సాయంత్రం ఆడవాళ్ల పెట్టెలో అందరి ఒళ్లోనూ గోరుచిక్కుళ్లే. సువర్చల పక్కసీటు పైడమ్మకి మర్నాడు గృహప్రవేశం. విందు కూరకి కాయలన్నీ దారిలోనే తుంచేద్దామని సువర్చలే అందరినీ కూడగట్టింది. రోజూ నత్తనడక నడిచే రైలు ఆ రోజే కొంపలంటుకున్నట్టు పరిగెత్తి, సగం కాయలు మిగిలుండగానే చివరి స్టేషన్ దగ్గరికొచ్చేసింది.

సువర్చలకి ఒళ్లు మండింది. "ఏమే రైలూ, మా పరిహారమేదీ?"

"టైముకే వచ్చాను కదమ్మా!" అంది రైలు బెదురుతూ.

"అదే మా నష్టం! నీ ఆలస్యాన్ని నమ్ముకునే కదా ఇన్ని కాయలు ముందేసుకున్నాం! మిగిలినవి నువ్వు తుంచుతావా?"

పెట్టెంతా గొల్లున నవ్వింది. రైలు కాస్త ఆలోచించి, స్టేషన్ కనిపిస్తుండగానే కీచుమని ఆగిపోయింది.

"ఆలస్యానికి మా పరిహారమో?" పక్కపెట్టెలోంచి మగవాళ్లు కేకేశారు.

"రేపు పైడమ్మ ఇంటికి భోజనానికి రండి!" అంది సువర్చల హుషారుగా.

పైడమ్మ ఒళ్లోని కాయలకేసి చూసుకుంది. "అమ్మో వదినా, అయితే ఈ కాయలేం సరిపోతాయి?"

"మార్కెట్ దాకా వెనక్కి పోనివ్వనా?" అంది రైలు.