బాలింత స్నానం

"అవ్వా, గా నీళ్లు నాకొద్దే. దండం పెడత."

స్నానపు బండ మీద కూర్చున్న గంగామణి, తల్లి రామవ్వ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చేతిలోని చెంబు పొగలు కక్కుతోంది. పొయ్యి మీద కాగులో వావిలాకు వేసిన నీళ్లు సలసలా మరుగుతున్నాయి.

"ఇయ్యాల పురుడు. బాయి కాడికి పోవాలె. తానం చెయ్యకుంట ఎట్ల పోతవ్?"

"గీ తానంతోనే నా కాళ్లు పోతున్నయి. పొద్దుగాల లేస్తె మంచిగనే నడుస్తున్న. గీ నీళ్లు ఒంటి మీద పడంగనే కాళ్లు మొద్దువారుతున్నయి, కండ్లకు మసక కమ్ముతున్నది. పొద్దుగూకేటాల్లకు మల్ల జర నయం. రోజూ గిదే కత."

"అది వాతం బిడ్డా. కామారెడ్డి డాక్టరు సాబ్ గూడ నరాల రోగమనే అన్నడు గద, వస్తది పోతది అని. నరాలకు ఉడుకు తగలాలె. ఇన్నొద్దులు ఉడుకు సాలలేదు. గందుకే ఇయ్యాల ఇంక నాలుగు కట్టెలు ఎక్కువ పెట్టిన."

"కడుపుతోనున్నప్పుడు మంచిగ తిరిగిన గద. అప్పుడు నన్ను గిట్లనే ఉడకబెట్టినవా?"

బాలింతకు చన్నీళ్లు తగిలితే సన్నిపాతం కమ్మి చస్తుందని రామవ్వకు తెలుసు. ఎల్లారెడ్డిలో ఏ గడప తొక్కి అడిగినా ఆ మాటే చెబుతారు. కన్నకూతురి మీద ప్రయోగాలు చేస్తుందా ఏ తల్లయినా?

గంగామణి బాధ వేరు. అత్త భూదవ్వ రామారెడ్డి ఊరి నుంచి బండి కట్టించుకుని వస్తోంది. ముందే కబురు పంపింది. బావి పూజ చేసి, నీళ్ల బిందె ఎత్తుకుని కోడలు గడప దాకా నడిచిందా, తల్లినీ కొడుకునూ ఇద్దరినీ తీసుకుపోతుంది. నడవలేదా, పిల్లవాణ్ణి ఒక్కణ్ణే. పోయిన వారం పిల్లవాడు గంగామణి చేతుల్లోంచి బొంత మీదికి జారాడు. ఆ మాట ఏ పుణ్యాత్మురాలు మోసిందో గానీ రామారెడ్డి చేరింది. అక్కడ పాలిచ్చే తోడికోడలు ఉండనే ఉంది. తను లేకపోయినా పిల్లవాడు బతుకుతాడు. గంగామణిని కోస్తున్నది అదే.

లోపల పిల్లవాడు గుక్కపట్టాడు. "జరాగు, ఊకో పెట్టొస్త" అంటూ రామవ్వ చెంబు దించి వెళ్లింది.

గంగామణి లేచింది. వాకిట్లో గోలెం నిండా పుష్యమాసపు మంచుకు చల్లబడ్డ నీళ్లున్నాయి. కడవతో ముంచి నెత్తిన గుమ్మరించుకుంది. ప్రాణం జివ్వుమంది. పళ్లు టకటకా కొట్టుకున్నాయి. మళ్లీ ముంచింది. కాళ్లు మాత్రం నేలను విడవలేదు.

రామవ్వ తిరిగొచ్చి చూసి గుండె బాదుకుంది. "ఎంత పని చేసినవే. సస్తవే బిడ్డా."

"సస్తె సస్త. నిలబడ్డ, సూడు."

రామవ్వ చూసింది. రోజూ తన భుజం మీద వాలిపోయే పిల్ల తనంతట తాను చీర చుట్టుకుంటోంది. కాగులోని నీళ్లన్నీ కాలువలో పారబోసింది. "ఎవ్వలతోని అనకు" అంది.

భూదవ్వ తన కొడుకును, గంగామణి మొగుడు దేవన్నను వెంటబెట్టుకుని దిగింది. అందరూ బావి దగ్గరికి వెళ్లారు. గంగామణి బావి ఒర గట్టుకు పసుపు కుంకుమలు పెట్టి, చేద వేసి, నీళ్లు తోడి, బిందె నెత్తికెత్తుకుంది. భూదవ్వ వెనకాలే నడుస్తూ కోడలి పాదాల మీంచి చూపు తిప్పలేదు. గంగామణి ఊపిరి బిగబట్టి నడిచింది. ఎక్కడా తూలలేదు. గడప దాటి బిందె దించింది.

భూదవ్వ కళ్లు నిండాయి. "నా కోడలు బాగైంది వొదినా. తల్లికి బిడ్డను ఎడబాపుడు నాకు మాత్రం ఇష్టమా?" తన చేతులతోనే మనవణ్ణి తెచ్చి కోడలి ఒడిలో పెట్టింది. "బండి కట్టు దేవన్నా, ఇద్దర్ని తోల్కపోదం. మా ఇంట్ల కాగు ఇంక పెద్దది బిడ్డా. మూడు నెల్లు ఉడుకుడుకు నీళ్లు నేనే పోస్త."

గంగామణి పిల్లవాణ్ణి గుండెకు హత్తుకుంది. మూడు నెలలు.

"వద్దు అత్తమ్మా. ఉడుకు నీళ్లకే నా కాళ్లు పోతున్నయి. ఇయ్యాల సన్నీళ్లు పోసుకున్న. గందుకే నడిసిన."

భూదవ్వ రామవ్వ వైపు తిరిగింది. "ఏమంటున్నది వొదినా? పచ్చి బాలెంతకు సన్నీళ్లు పోసినవా?"

అవునంటే పిల్లవాణ్ణి ఇప్పుడే రొమ్ము నుంచి లాగేస్తారు. తల్లి ఒంటికి చలువ తగిలితే ఆ పాలు బిడ్డకు విషమంటారు. రామవ్వ తల అడ్డంగా ఊపింది.

"అయ్యో, లేదొదినా. నా చేతులతోని ఉడుకు నీళ్లే పోసిన. పిల్లగాని మీదొట్టు."

"అట్లంటవేందే అవ్వా? గోలెం కాడ నువ్వు సూసినవు గద."

"ఏం సూసిన బిడ్డా? ఉడుకు నీళ్లే." ఊ అనమని రామవ్వ కళ్లతోనే బతిమాలింది. గంగామణి ఆ కళ్లవైపు చూడలేదు.

"సన్నీళ్లే అత్తమ్మా. సన్నీళ్లతోనే నాకు కాళ్లొచ్చినయి."

భూదవ్వ కోడలి చెంప జాలిగా నిమిరి, కొడుకును పిలిచింది.

"కాళ్లయితే మంచిగైనయి దేవన్నా. మతి పోయింది. పిల్లగాన్ని నువ్వెత్తుకో."