ముందు వరసలో ఎంకమ్మ

"ఈ పాట గూడ ఆమెకు తగల్లేదు" అంటూ మాసయ్య తంబూరను ఒడిలోకి దించాడు.

ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ఎంకమ్మ రెప్పవాల్చకుండా వేదికకేసి చూస్తోంది. ఆ కళ్లు పొడిగానే ఉన్నాయి.

తిమ్మాజిపేట సంత జాగాలో, సంత లేని రోజు చూసి, బల్లలు కలిపి వేదిక చేశారు. వచ్చిందే కొద్దిమంది. అందులో సగం మంది మిర్చి బండి దగ్గరికొచ్చి, పాట వినబడితే నిలబడ్డవాళ్లు. ఎండ వాలినా నేల ఇంకా సెగ కక్కుతోంది. కరెంటు పోయినప్పుడల్లా మైకు మూగబోతుంటే మాసయ్య గొంతు చించుకోవాల్సి వస్తోంది.

బేరం మాత్రం తేటగా ఉంది. అచ్చంపేటలో క్యాసెట్ల దుకాణం నడిపే వెంకట్రాములు గద్వాల దాకా వచ్చి, పాటలు పాడే మాసయ్య, జమ్ములమ్మ ఆలుమగలను వెతికి పట్టుకున్నాడు.

"పట్నంల సీడీలొచ్చినయి గని పల్లెలల్ల ఇంక క్యాసెట్లే నడుస్తయి. నాకు ఏడుపు పాటలు గావాలె. మా ఇంటామెను ముంగట కూసోవెడ్త. ఆమె కంట్ల నీళ్లొస్తే మీ క్యాసెట్ ఎక్కిస్త. రాకుంటే బస్సు కిరాయిచ్చి పంపిస్త" అన్నాడు.

మాసయ్యకు అందులో తప్పేమీ కనపడలేదు. వడ్లకు తేమ చూస్తారు, పల్లీలకు గింజ చూస్తారు, పాటకు కన్నీళ్లు చూస్తే తప్పేముంది? క్యాసెట్ వస్తే ఊళ్లనుంచి పిలుపులొస్తాయి. రాకపోతే ఎల్లుండి కూలికి మేస్త్రి లారీ ఎక్కి పుణెకు పోవాలి. పోయినసారి అక్కడ మోసిన ఇసుక బరువు జమ్ములమ్మ మోకాళ్లను ఇంకా వదలలేదు.

"ఆమెకు చెవుడు గిట్ల ఉన్నదేమో" అని జమ్ములమ్మ గుసగుసలాడింది.

"లేదు. ఇందాక మిర్చీలు దినుమంటే వద్దని తలకాయ ఊపింది."

"గట్లయితే గుండె లేదు."

"మెల్లగనే! సేటు ఇంటడు."

వెంకట్రాములు చాయ్ గ్లాసులతో వచ్చాడు. మనిషి ఎన్నాళ్లుగానో నిద్ర లేనివాడిలా ఉన్నాడు.

"సేటూ, మీ అచ్చంపేటలనే పెడితే మంచిగుంటుండె. జనం నిండుగ వస్తుండిరి" అన్నాడు మాసయ్య.

"ఆడ అందరు మాకు తెలిసినోళ్లే. తెలిసినోళ్లది మొగమాటపు ఏడుపు. అది లెక్కల రాదు. నువ్వు పాడు."

మళ్లీ మొదలుపెట్టారు. కరువు పాట పాడారు. మొగుడు పోయిన ఆడదాని పాట పాడారు. వలసపోయినవాడి పాట ఎత్తుకుంటే మిర్చి బండివాడు కళ్లు తుడుచుకుని, నెపం పొగ మీదికి నెట్టేశాడు. వెంకట్రాములు మాత్రం వేదికను ఒక్కసారైనా చూడలేదు. కాటా మీంచి చూపు తిప్పని వ్యాపారిలా ఎంకమ్మనే చూస్తున్నాడు. కాటా ముల్లు కదల్లేదు.

జమ్ములమ్మ వాయిస్తున్న గుమ్మెట పక్కన పెట్టింది. మోకాళ్లు పట్టుకుని వేదిక దిగి, ఎంకమ్మ ఎదుట నేలమీద చతికిలబడింది.

"ఇగ నాతోని గాదు తల్లీ. గొంతు పాయె, పానం పాయె. ఊరోళ్ల ఏడుపులన్నీ నేనే ఏడిస్తి. నీకు ఒక్కటన్న రాదా? నువ్వన్న ఎత్తుకో, నేనింట."

సేటు భార్యను పట్టుకుని అంత మాటా! క్యాసెట్ పోయినట్టే అనుకున్నాడు మాసయ్య.

ఎంకమ్మ చూపు వేదిక మీంచి ఆమె మీదికి దిగింది. పెదవులు కదిలాయి.

"మోటరేసి వస్తనంటివి కొడుకా... బువ్వ వెట్టుకోని కూసుంటి కొడుకా..."

మాట సన్నగా మొదలై పైకి లేచింది.

"బువ్వ సల్లగాయె, నువ్వు సల్లగైతివి కొడుకా... మడి నిండ నీళ్లు వారె, నీ నోట్ల సుక్క వొయ్యకపోతి కొడుకా..."

మాసయ్య వేళ్లు వాటంతట అవే తంబూర మీదికి పోయాయి. జమ్ములమ్మ "కొడుకా" అంటూ వంత అందుకుంది. ఎంకమ్మ కుర్చీలోంచి జారి ఆమె భుజం మీద పడింది. చెంపలు తడిసి చీర కొంగు దాకా నీళ్లు కారుతున్నాయి. జనంలో ఎవరో చప్పట్లు కొట్టారు.

మాసయ్య వేదిక మీంచి దూకాడు. "సేటూ! కండ్ల నీళ్లొచ్చినయి!"

"చూస్తున్న."

"మా పాటకు గాదు, ఆమె పాటకే వచ్చినయి. మరి గది లెక్కల వస్తదా?"

"వస్తది. మీ క్యాసెట్ ఖాయం. పుణె లారీ ఎక్కకుండ్రి."

ఆ సంతోషంలో మాసయ్య మనసు ధారాళమైంది.

"గట్లయితే మా పాటలకన్న ముందు సేటమ్మ పాట ఎక్కియ్యుండ్రి. పాత పాటలల్ల మోటరు యాడిది? గసుంటి పాట నేనెన్నడు ఇనలేదు. ఏ ఊర్ల నేర్సుకున్నదో గని, మా అందరి కడుపు గొట్టేటట్టుంది!"

వెంకట్రాములు ఖాళీ కుర్చీలో కూలబడ్డాడు.

"గదొక్కటి వద్దు అన్నా."

"ఎందుకు సేటూ? మస్తు గిరాకుంటది."

వెంకట్రాములు భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"మా పిల్లగాడు సచ్చిననాడు ఏడ్వలేదు, గిప్పుడు ఏడుస్తుంది."