కొండల మీద ఒక్క చుట్టు

“ఒక్క చుట్టు చాలు, నరసింగరావు గారూ. కొండల్లో ఎక్కడ పొగ లేస్తోందో, ఎక్కడ మనుషులు తిరుగుతున్నారో చూసి చెప్పండి. మిగతాది మా పని.”

జీపులో వచ్చిన పోలీసు అధికారి అరుగు మీద కూర్చుని రెండోసారి అదే మాట అన్నాడు. నరసింగరావు తలెత్తలేదు. పొలం నుంచి అప్పుడే వచ్చాడు. కాళ్లకు బురద ఇంకా ఆరలేదు.

ఒకప్పుడు అతను పత్తి చేల మీద పురుగుమందు చల్లే కంపెనీలో పైలట్. అరవై అయిదు యుద్ధంలో ఆ కంపెనీ విమానంతోనే సరిహద్దుకు వెళ్లాడు. గుళ్లు పడుతున్న చోట దిగి, గాయపడ్డ జవాన్లను వెనక్కి తెచ్చాడు. ఢిల్లీలో పతకం ఇచ్చారు. చీపురుపల్లి స్టేషన్లో దిగితే బాజాలతో ఊరేగించారు. ఆ తర్వాత అతను ఉద్యోగం మానేసి నాగలి పట్టాడు. ఎందుకని ఎవరైనా అడిగితే, “చేతులు వణుకుతున్నాయి,” అనేవాడు.

“మీకు వేరే పైలట్లు లేరా?”

“ఉన్నారు. కానీ ఈ కొండలు తెలిసినవాళ్లు లేరు. చెట్ల మీదుగా ఎగరాలి. కింద దాక్కున్న తిరుగుబాటుదార్ల చేతుల్లో తుపాకులున్నాయి. దొరికింది ఒంటి సీటు మందు విమానం, పక్కన మా మనిషి కూర్చునే వీలు లేదు. మీ మాటైతే ఎవరూ కాదనరు.”

తండ్రి జగన్నాధం ఉబ్బిపోయాడు. “ఎందుకెల్లడు బాబూ, ఎల్తాడు! మా సిన్నోడు కిరండూల్ గనుల్లో పని సేత్తన్నాడు గానీ, ఆడున్నా ‘ఎల్లన్నా’ అనీవోడే.”

లోపలి నుంచి తల్లి దాలమ్మ దూసుకొచ్చి అధికారి కాళ్ల దగ్గర కూలబడింది.

“వద్దు బాబూ! ఆ ఇమానం కొండల మీదకెల్తే నాను బతకను. నా కొడుకుని నాకు ఒగ్గీండి. మీకు పున్నెముంటాది.”

“ఒసే, నెగు! పరువు తీసీకు,” అని కసిరాడు జగన్నాధం.

అధికారి ఇబ్బందిపడ్డాడు. “మీ అబ్బాయికి ఏమీ కాదమ్మా. పూచీ నాది.”

ఆ మాటతో ఆమె ఏడుపు ఇంకా పెరిగింది.

“నేను రానంటే?” అడిగాడు నరసింగరావు.

“ఇంకొకర్ని పిలిపిస్తాం. కాస్త ఆలస్యమవుతుంది, అంతే.”

నరసింగరావు లేచి కాళ్లు కడుక్కున్నాడు. దాలమ్మ అతని చొక్కా పట్టుకుంది. ఆమె వేళ్లను మెల్లగా విడిపించాడు.

“నానే ఎల్లాలమ్మా. ఇంకొకలు ఎల్తే బాగోదు.”

మర్నాడు పొద్దున్న విమానం కొండల వైపు సాగింది. దిగాల్సిన వేళ దాటినా రాలేదు. బయల్దేరడానికి సిద్ధంగా నిలిపిన లారీల చుట్టూ పోలీసులు తచ్చాడుతున్నారు. అధికారి ఆకాశం వైపే చూస్తూ నిలబడ్డాడు. చివరికి మోత వినబడింది.

నరసింగరావు విమానం దిగి రెక్కకు చేరగిలబడ్డాడు. అధికారి పరుగున వెళ్లాడు.

“ఏం చూశారు?”

“చెట్లు. రాళ్లు.”

“మనుషులు?”

“లేరు.”

“లోయలో పొగ వస్తోందని మాకు కబురుంది.”

“అది మంచు. దూరం నుంచి పొగలాగే ఉంటుంది.”

అధికారి అతని కళ్లలోకి చూశాడు. నరసింగరావు చూపు తిప్పుకోలేదు.

“మీరు లేరన్నాక లేనట్టే,” అని అధికారి లారీలను వెనక్కి పొమ్మన్నాడు.

మధ్యాహ్నానికి నరసింగరావు ఇల్లు చేరాడు. జగన్నాధం వాకిట్లోనే ఎదురొచ్చాడు.

“ఏటిరా, ఒక్కడూ కనపడనేదా?”

“నేదు నాన్నా.”

“పోన్లే. గుండె సెదరకండా ఎల్లొచ్చావు, అదే సాలు,” అంటూ తండ్రి వీధిలోకి నడిచాడు, నలుగురికీ చెప్పుకోడానికి.

దాలమ్మ కొడుకు ముందు కంచం పెట్టి అన్నం వడ్డించింది. అతను ముద్ద కలిపాడు గాని నోటి దాకా తీసుకెళ్లలేదు. వీధిలో భర్త గొంతు దూరమయ్యేదాకా ఆమె ఆగింది. అప్పుడు దగ్గరగా వంగి, వినీ వినబడనట్టు అడిగింది:

“సిన్నోడు బాగా సిక్కిపోనాడేటిరా?”